ఆర్కైవ్స్ మాష్టారు పోయారు. ఆయన నోటు పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి?

పాతబ్యాచ్84

పోయిన నెల పదిహేను రోజులు సెలవు పెట్టి వచ్చాను. పని ఒక్కటే. మా అమ్మ 1961-62లో మన విశ్వవిద్యాలయం మహిళా హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదివింది. ఆ ఏడాది చివర హాస్టలు అమ్మాయిలందరూ వార్డెనుతో కలిసి ఫొటో తీయించుకున్నారనీ, దాని ప్రతి ఒకటి రికార్డు గదిలో, అంటే మాష్టారి ఆర్కైవ్స్‌లో, ఉండాలనీ తనే చెబుతుండేది. అమ్మ పోయి ఏడాది దాటింది. పెళ్లికి ముందు ఎలా ఉండేదో చూద్దామంటే మా ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు.

రికార్డు గదిని కొత్త భవనం రెండో అంతస్తుకు మార్చారు. అక్కడ కూర్చున్న కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్లో అటూ ఇటూ వెతికి "లేదండీ" అన్నాడు. సరే, మాష్టారింటికి వెళ్లి ఆయననే అడుగుతానన్నాను. కుర్రవాడు కాసేపు నా మొహంలోకి చూసి, "మీకు తెలియదా? ఆయన పోయి పన్నెండు రోజులయింది" అన్నాడు.

రెండు విషయాలు అడగాలని రాస్తున్నాను. ఆయన చేత్తో రాసుకున్న పొడుగాటి నోటు పుస్తకాలు, నల్ల అట్టవి, ఉండేవి. అవి ఏమయ్యాయి? రెండోది, ముప్పై నాలుగేళ్లు ఆ గదిలో పనిచేసిన మనిషి గురించి మీకు గుర్తున్నది రాయండి. వాళ్ల అమ్మాయి చదువుతానన్నది. నాన్నగారి పేరు మాత్రం రాయవద్దని కోరింది. ఇక్కడున్న వాళ్లకు పేరు అవసరం లేదనుకుంటాను.

మెస్సుబాకీ

అయ్యో. మొన్న సంక్రాంతికి ఫోనులో మాట్లాడాను. "నీ బాకీ రాసిన పుస్తకం భద్రంగా ఉందిలే, చెద పట్టనివ్వను" అని నవ్వారు.

వరండాచెట్టు

మేము చాటున "దుమ్ము మాష్టారు" అనేవాళ్లం. ఆయనకు తెలుసు. ఎవరో ఆకతాయి ఒకసారి చీటీ మీద "దుమ్ము మాష్టారి సముఖానికి" అని రాసి ఫైలు అడిగాడు. సాయంత్రానికి ఫైలు బల్ల మీద ఉంది. పైన చీటీ: "దుమ్ము దులపబడినది. చదువుకొనగలరు."

తాటాకు

నా పరిశోధన డిగ్రీ కళాశాలల్లో తెలుగు మాధ్యమం గురించి. తెలుగు అకాడమీ పుట్టిన 1968 నుంచి మొదటి పదేళ్లు మన దగ్గర ఏమి జరిగిందో చూడాలి. గదిలోకి వెళ్లి "తెలుగు మాధ్యమం ఫైలు ఇవ్వండి" అన్నాను. "అలాంటి ఫైలు లేదమ్మా" అన్నారు. ఏడుపు ఒక్కటే తక్కువ. మా గైడు అప్పటికే అధ్యాయం ఎప్పుడిస్తావని పీకల మీద కూర్చున్నారు.

మాష్టారు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "కాగితం ఊరికే పుట్టదు. ఎవరికో ఇబ్బంది కలిగితే పుడుతుంది. తెలుగులో పరీక్ష పెడితే ముందు ఇబ్బంది పడేది ఎవరు?" అని అడిగారు. విద్యార్థులు అన్నాను. కాదన్నారు. అధ్యాపకులు అన్నాను. వాళ్లు నోటితో గొణుగుతారు గానీ కాగితం మీద పెట్టరన్నారు. చివరికి ఆయనే లేచి పరీక్షల విభాగం ముద్రణ బిల్లుల కట్ట ఒకటి తెచ్చి పెట్టారు. గుడ్డ నాడా విప్పితే లోపల ఏముందనుకున్నారు? ప్రెస్సువాళ్ల మొర! రసాయన శాస్త్రం ప్రశ్నపత్రం తెలుగులో కూర్చడానికి ఒత్తుల సీసపు అచ్చులు చాలడం లేదట, పక్క ప్రెస్సు నుంచి అరువు తెచ్చుకుంటున్నారట, కాబట్టి పేజీకి ఇంత ఎక్కువ ఇప్పించాలట. జవాబుగా విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పదాలను ఎలా మార్చి రాస్తే ఒత్తులు తగ్గుతాయో ఒక పట్టిక పంపారు. శాస్త్ర పరిభాష మీద నా అధ్యాయమంతా ఆ ఒక్క కట్టలోంచి వచ్చింది. సెనేటు చర్చల్లో అందరూ గంభీరంగా ఉపన్యసించారు, పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు.

ఇబ్బంది ఎవరిదో పట్టుకో అనే మాట నేను ఇప్పుడు నా విద్యార్థులకు చెబుతున్నాను, సొంత మాటలాగా.

మొండిఘటం

పోయినవాళ్లందరూ మంచివాళ్లే, సరే. నా అనుభవం కూడా రాస్తాను, వాళ్ల అమ్మాయి బాధపడకూడదు.

1991లో ఒక ఉద్యోగానికి మా నాన్నగారి చదువు తాలూకు రిజిస్టరు పేజీ నకలు కావలసి వచ్చింది. మూడు రోజులు తిప్పారు. నాలుగో రోజు రిజిస్టరు తీసి చూపించి, జెరాక్సు కుదరదు, దాని వీపు విరుగుతుంది అన్నారు. కళ్ల ముందు కాగితం ఉంది, చేతికి రాదు. గడువు దాటిపోయింది.

ఇంకొకటి. ఏది ఎక్కడుందో ఆయన ఒక్కడికే తెలుసు అని అందరూ గొప్పగా చెప్పుకునేవారు. అది గొప్ప ఎలా అవుతుంది? మనిషి పోగానే గది మూగబోయింది. పాతబ్యాచ్84 గారికి జరిగింది అదే కదా.

వరండాచెట్టు

మొండిఘటం గారూ, జెరాక్సు నాకు కూడా ఇవ్వలేదు. చేత్తో రాసి, సరిచూసి, సంతకం చేసి ముద్ర వేసి ఇచ్చారు. అది చెల్లింది.

మొండిఘటం

నాకు రాసి ఇస్తానని అనలేదు.

వరండాచెట్టు

మీరు అడిగారా?

మొండిఘటం

అడగవచ్చని నాకు ఎవరు చెప్పారు? గోడ మీద బోర్డు ఉందా?

దస్త్రందాసు

నేను వేరే రాష్ట్రంలో ఇదే పనిలో ఉన్నాను, అందుకని మధ్యలో దూరుతున్నాను. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

జెరాక్సు సంగతి ముందు. పాత రిజిస్టర్లు బిగించి కుట్టినవి. అద్దం మీద బోర్లించి నొక్కితే వీపు పగులుతుంది. పైగా పాత నల్ల సిరాలో ఇనుము ఉంటుంది, ఏళ్లు గడిచే కొద్దీ అది కాగితాన్ని తినేస్తుంది. కొన్ని పేజీల్లో అక్షరం ఉన్న చోట అక్షరం ఆకారంలోనే చిల్లు పడి ఉండడం నేను చూశాను. ఆ పేజీని ఒకసారి మడిస్తే చాలు. ఆయన ఒద్దనడం సరైనదే. రాసి ఇస్తానని ముందుగా చెప్పకపోవడం తప్పే.

ఇక "ఫైలు లేదమ్మా" సంగతి. గ్రంథాలయం వేరు, ఆర్కైవ్ వేరు. పుస్తకం ఒక ఊళ్లో పోతే ఇంకో ఊళ్లో దొరుకుతుంది. ఫైలు ఒక్కటే ప్రతి. గ్రంథాలయంలో విషయాన్ని బట్టి సర్దుతారు. మేము అలా సర్దకూడదు. ఏ కార్యాలయం నుంచి వచ్చిందో ఆ కార్యాలయం కింద, వాళ్లు పెట్టుకున్న వరుసలోనే ఉంచాలి. ఎందుకంటే ఒక కాగితం పక్కన ఏ కాగితం ఉందనేది కూడా సాక్ష్యమే. తాటాకు గారు చూసిన ఒత్తుల పట్టికను ఎవరైనా అత్యుత్సాహంతో తీసి "భాషాశాస్త్రం" అరలో పెట్టి ఉంటే, అది డబ్బు కోసం పుట్టిన పట్టిక అని ఎవరికీ తెలిసేది కాదు.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో 1406 నాటి బహమనీ సుల్తానుల కాగితం ఉంది. షాజహాను, ఔరంగజేబు కాలపు కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సైన్యపు లెక్కలు, జీతాలు, గుర్రాల హాజరు, అలాంటివి. అప్పటి గుమాస్తాలు తమ వరుసలో పెట్టుకున్నారు కాబట్టే ఈనాడు అర్థమవుతున్నాయి.

మొండిఘటం గారు అడిగిన అసలు ప్రశ్నకు మాత్రం నా దగ్గర సమర్థన లేదు. సూచిక బయట పెట్టకుండా తలలో పెట్టుకోవడం మా వృత్తిలో పాపం.

కడపబండ

తలలో పెట్టుకోలేదు, నోటు పుస్తకాల్లో పెట్టుకున్నారు. వెతకవలసింది మనం.

ఇలాంటి మనుషులు మా ఊరికి కొత్త కాదు. తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చాడు. సొంత డబ్బు పెట్టి బంగళా కొన్నాడు, పండితులను జీతాలకు పెట్టుకున్నాడు, ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్పించి శుద్ధప్రతి రాయించాడు. అప్పులపాలయ్యాడు...

మెస్సుబాకీ

కడపవాళ్లు మాట్లాడిన ఏ చర్చలోనైనా ఐదో వాక్యానికి బ్రౌన్ వస్తాడు. ఈసారి నాలుగో వాక్యానికే వచ్చాడు.

కడపబండ

వస్తాడు నాయనా, వచ్చి తీరతాడు. చెప్పనివ్వు. ఆ బ్రౌన్ బంగళా ఉన్న చోట గ్రంథాలయం నిలబెట్టింది జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. వృత్తి బడిపంతులు. 1987లో శంకుస్థాపన. చందాలు పోగుచేసి, పుస్తకాలు పోగుచేసి, తాళపత్రాలు పోగుచేసి నిలబెట్టారు. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. ఆయన 2014లో పోయారు. నేను చెప్పేది ఏమిటంటే, మనిషి పోయినా అక్కడ గది మూగబోలేదు. బ్రౌన్ కూడా తన ప్రతులను 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు, వెంట తీసుకుపోలేదు. మన దగ్గర మాష్టారి తరువాత ఆ కుర్చీలో ఎవరినీ పెట్టకపోతే ఆయన తప్పా?

మొండిఘటం

కుర్చీలో ఎవరినీ పెట్టకపోవడం ఆయన తప్పు కాదు. ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. దాచడం సగం పనే. తాళ్లపాక వారి రాగిరేకులు తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారం అనే చిన్న అరలో శతాబ్దాలు భద్రంగానే ఉన్నాయి. 1922లో బయటికి తీసేదాకా అన్నమయ్య పాట మనకు ఉన్నట్టా, లేనట్టా?

తాటాకు

భద్రంగా ఉండబట్టే కదండీ తీయగలిగారు. కరిగించి బిందెలు చేసుకుని ఉంటే?

మొండిఘటం

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రేపు వెతికి తెస్తాను.

ఫ్యానుకిందచాప

మీరు రాగిరేకుల్లో ఉండండి, నేను తడిసిన రిజిస్టర్ల సంగతి చెబుతాను.

నేను హాస్టల్లో రెండో ఏడు. తుపాను గాలికి రికార్డు గది పైకప్పు మూల లేచిపోయింది. తెల్లవారి నాలుగు గంటలకు మాష్టారు గొడుగు కూడా లేకుండా మా హాస్టలుకు వచ్చి తలుపులు బాదారు. "ఎంతమంది ఉన్నారు? లేవండి. చొక్కాలు తొడుక్కోకండి, తడుస్తాయి." పద్దెనిమిది మందిమి వెళ్లాము. దక్షిణం వైపు బీరువాలు రెండింటిలో నీళ్లు. ఉబ్బి అరల్లో ఇరుక్కున్న రిజిస్టర్లను లాగబోతే చేతి మీద కొట్టారు. లాగకూడదట, అట్ట ఊడి చేతిలోకి వస్తుందట. అర చెక్కతో సహా ఊడదీయించి, పసిపిల్లలను మోసినట్టు రెండు చేతుల మీద మోయించారు.

మెస్సు హాలు బల్లలన్నీ ఖాళీ చేయించి రిజిస్టర్లను నిలబెట్టాము, విసనకర్ర విప్పినట్టు పేజీలు కాస్త విడదీసి. అటెండరుగారు ఎక్కడి నుంచో బ్లాటింగు కాగితాలు కట్టలుగా తెచ్చారు. పది పేజీలకు ఒకటి పెట్టాలి, అరగంటకు ఒకసారి మార్చాలి. నేను తెలివి చూపించి వార్తాపత్రికలు చింపి పెట్టబోయాను. ఆయన నన్ను పేరు పెట్టి అరవడం అదొక్కసారే విన్నాను. అచ్చు సిరా దిగి రిజిస్టరుకు అంటుకుంటుందట. ఎండ వచ్చాక బయట పెడదామన్నాడు మాలో ఒకడు. అదీ కూడదు, ఎండకు కాగితం వంకర తిరిగి అప్పడం అవుతుంది. ఫ్యాను గాలే. కరెంటు వచ్చేదాకా అట్టముక్కలతో మేమే విసిరాము. మధ్యాహ్నం మెస్సులో అన్నం నేల మీద కూర్చుని తిన్నాము, బల్లల మీద రిజిస్టర్లు కూర్చున్నాయి.

మూడు రోజులు అలాగే. ఒక్కటి తప్ప అన్నీ బతికాయి. ఆ ఒక్కదాని పేజీలు ఇటుకలాగా అతుక్కుపోయాయి. దాన్ని కూడా పారేయలేదు. గుడ్డలో చుట్టి, చీటీ కట్టి పెట్టారు: "ప్రస్తుతానికి తెరుచుకోదు."

వరండాచెట్టు

"ప్రస్తుతానికి."

ఉప్పుగాలి

ఆ చీటీ నేను చూశాను. నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు.

న్యూజెర్సీ_పాలేరు

ఇక్కడ నేను చూసిన ఆర్కైవ్స్‌లో ముందు తెల్ల చేతితొడుగులు ఇచ్చారు. మాష్టారు ఎప్పుడూ వట్టి చేతులతోనే పట్టుకునేవారు, మాకూ తొడుగులు ఇవ్వలేదు. అప్పట్లో పద్ధతులు తెలియక అనుకుంటాను.

దస్త్రందాసు

తారుమారుగా అనుకుంటున్నారు. కాగితానికి శుభ్రంగా కడిగి ఆరబెట్టిన వట్టి చేయే మేలు. తొడుగు వేసుకుంటే వేలికి స్పర్శ తెలియదు, పేజీ అంచు చిరుగుతుంది. ఫొటోలకు, లోహపు వస్తువులకు మాత్రం తొడుగు కావాలి, వేలి చెమట మరక పడుతుంది కాబట్టి. సినిమాల వాళ్లకు తెల్ల తొడుగులు అందంగా కనబడతాయి, అంతే.

తాటాకు

చేతులు కడుక్కోమని మాత్రం మాష్టారు ప్రాణం తీసేవారు. మంగళవారం పెసరట్టు తిని వచ్చానని వాసన పట్టి వెనక్కి పంపారు.

గోడరాతలు

నేను 1972 బ్యాచి. జై ఆంధ్ర ఉద్యమంలో కరపత్రాలు రాసేవాణ్ని. సైక్లోస్టైలు మీద రాత్రికి రాత్రి అచ్చు, పొద్దున్న గోడల మీద. సాయంత్రానికి మా దగ్గర కూడా ఒక్కటి మిగిలేది కాదు.

పాతికేళ్ల తరువాత ఏదో పని మీద వెళితే మాష్టారు కట్ట తెచ్చి ముందు పెట్టారు. వెనక మైదాపిండి జిగురు మరకలతో సహా! ఉద్యమం నాటికి ఆయన ఉద్యోగంలో చేరి మూడేళ్లే. పొద్దున్నే నడకకు వెళ్లేటప్పుడు గోడ తడిపి, గీకకుండా ఊడదీసి తెచ్చుకునేవారట. మా వాళ్లవి, మా ఎదుటి వర్గం వాళ్లవి, మమ్మల్ని తిడుతూ పేరు లేకుండా వేసినవి, అన్నీ తేదీల వరుసన. ఉద్యమం మీద ఆయన అభిప్రాయం ఏమిటని అడిగాను. "గోడకు అభిప్రాయం ఉంటుందా?" అన్నారు.

నా అక్షరదోషాలు కూడా అలాగే ఉన్నాయి. "స్వాతంత్య్రం" ఎనిమిది సార్లు రాశాను, ఎనిమిది రకాలుగా. మైదా జిగురుకు పురుగు పడుతుందని ఆ మరకలను తడి దూదితో అద్ది తీయడం మొదలుపెట్టారట. సగం అయ్యాక ఆపేశారు. మిగిలిన సగం చూస్తేనే అవి గోడ మీద నుంచి వచ్చాయని తెలుస్తుందన్నారు.

మెస్సుబాకీ

గోడ తడిపి పోస్టరు ఊడదీస్తున్న ఉద్యోగిని చూసి ఆ రోజుల్లో పోలీసులు ఊరుకున్నారా?

గోడరాతలు

శుభ్రం చేస్తున్నాడనుకుని సెల్యూటు కొట్టి ఉంటారు.

ఉప్పుగాలి

గది మార్చిన సంగతికి వద్దాం. నాకు అనుమానం అక్కడే ఉంది. సామాను కదిలితే జ్ఞాపకం కదులుతుంది. యుద్ధకాలంలో 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాక ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏకంగా గుంటూరుకు తరలింది. తట్టాబుట్టా సర్దుకుని పోవడం, యుద్ధం అయ్యాక మళ్లీ రావడం. ఒక గ్రంథాలయాన్ని రెండుసార్లు కదిలించడమంటే ఏమిటో ఊహించండి. కవి అబ్బూరి రామకృష్ణారావుగారు అక్కడ చాలాకాలం గ్రంథాలయాధికారి. కవిత్వం కన్నా అది కష్టమైన పని.

మన రికార్డు గదిని మాష్టారు రిటైరయిన ఆరేళ్లకు మార్చారు. అప్పుడు ఆయనను పిలిచారా?

ఫ్యానుకిందచాప

పిలవలేదు. నాకు తెలుసు. మూడు రోజులు గేటు దగ్గర నిలబడి లారీలు లెక్కపెట్టారు.

కడపబండ

ఇది చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

ఒక సంగతి అడుగుతాను. ఇందాక అటెండరుగారు బ్లాటింగు కాగితాలు తెచ్చారన్నారు. ఆయన ఎవరు, ఎక్కడున్నారు? ఊళ్ల చరిత్రలు రాసిన పాత కాగితాలను కర్నల్ మెకంజీ పేరుతో మెకంజీ కైఫీయతులని మనమంటాము. ఊరూరా మనుషులను పంపి ఆ కాగితాలన్నీ చేర్చింది ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. మన గదిలో కూడా కట్టలు ఎత్తి దించిన చేతులు మాష్టారివి మాత్రమే కావు కదా.

రెండోచావి

నేను ఆ అటెండరుగారి అమ్మాయిని. నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆగాను.

మా నాన్నగారు ఆ గదిలో ఇరవై ఎనిమిదేళ్లు చేశారు. ఇప్పుడు డెబ్బై ఆరు. మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. మొదట మొండిఘటం గారికి చెప్పమన్నది: 1991లో చేత్తో నకలు రాసి ఇచ్చే పద్ధతిని ఆరు నెలలు ఆపించారట పైవాళ్లు, ఎవరో దొంగ నకలు సృష్టించారని. మాష్టారు ఆ మాట బయట చెప్పేవారు కాదు. చెప్పి ఉండవలసింది అని నాన్నగారు కూడా అన్నారు.

నోటు పుస్తకాలు పదకొండు. ఎక్కడికీ పోలేదు, ఆ గదిలోనే కిటికీ కింది చెక్కపెట్టెలో ఉన్నాయి. కొత్తవాళ్లు తెరిచి చూసే ఉంటారు, అర్థం కాక మూసి ఉంటారు. ప్రతి పద్దు ఎదురుగా "ఈ-2-పై-14" అన్నట్టు ఉంటుంది. ఈశాన్యం, రెండో బీరువా, పై అర, పద్నాలుగో కట్ట. పాత గదిలో బీరువాలు నాలుగు గోడల వెంబడి, మూలల్లో ఉండేవి కాబట్టి దిక్కులతో పేర్లు పెట్టుకున్నారు. కొత్త గదిలో అన్నింటినీ ఒకటే వరుసగా గోడకు ఆనించారట. దిక్కులు పోయాయి.

మెస్సుబాకీ

ముప్పై నాలుగేళ్ల సూచిక వాస్తు మారి చెడిపోయిందన్నమాట. ఇంత వాస్తుదోషం నేను వినలేదు.

దస్త్రందాసు

నవ్వు వస్తున్నది గానీ, మంచి పద్ధతే. బీరువాకు అంకె వేస్తే రేపు ఎవరో మధ్యలో కొత్త బీరువా పెట్టి అంకెలు మారుస్తారు. ఈశాన్యాన్ని ఎవరు మారుస్తారనుకున్నారు ఆయన.

రెండోచావి గారూ, పాత గది పటం ఎవరైనా గీయగలరా? ఏ బీరువా ఏదో పోల్చాలి. ఆకుపచ్చ ఇనప బీరువాలన్నీ ఒకేలా ఉంటాయి.

రెండోచావి

పటం అవసరం లేదంటున్నారు. సామాను ఎత్తించిన రోజు నాన్నగారు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. మాష్టారు గేటు దగ్గర నిలబడి ఉంటే వెళ్లి మాట్లాడి వచ్చి, ప్రతి బీరువా వీపు మీద తెల్ల పెయింటుతో అక్షరం, అంకె వేశారట. ఇప్పుడు వీపులు గోడ వైపు ఉన్నాయి, అందుకే ఎవరికీ కనబడవు.

తాటాకు

పాతబ్యాచ్84 గారూ, ఉన్నారా? ఇబ్బంది ఎవరిదో పట్టుకోండి. హాస్టలు ఫొటో అంటే ఇబ్బంది పడ్డవాడు ఫొటోగ్రాఫరు, డబ్బులు రావాలి కాబట్టి. బిల్లుతో పాటు ఒక ప్రతి జతచేసి ఉంటాడు. "ఫొటోలు" అని వెతకవద్దు. వార్డెను కార్యాలయం ఖర్చుల కట్టలు, 1961-62. మార్చి నెల చివర.

దస్త్రందాసు

అంతే. అదే చెప్పబోతున్నాను. ఫొటో దొరికితే మాత్రం చేతితొడుగు వేసుకోండి!

పాతబ్యాచ్84

ఉన్నాను. సెలవు ఇంకో వారం పొడిగించుకున్నాను.

నిన్న శనివారం రెండోచావి గారు నాన్నగారిని ఆటోలో తీసుకువచ్చారు. రెండో అంతస్తు మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కారు. ఆ కుర్రవాడికి మేమంతా ఎందుకు వచ్చామో మొదట అర్థం కాలేదు, తరువాత మాకన్నా ఎక్కువ హుషారు అతనిదే. చెక్కపెట్టె తెరిచాడు. పదకొండూ ఉన్నాయి. నల్ల అట్టలు, లోపల ఎర్ర సిరాతో పద్దులు, పెన్సిలుతో దిద్దుబాట్లు. దిద్దుబాటు ఎప్పుడూ పెన్సిలుతోనే చేసేవారట, సిరా ఒలికితే పోయేది అసలు కాగితమని.

బీరువాలను ఒక్కొక్కటి జానెడు ముందుకు లాగాము. పెద్దాయన వీపుల వెనక చేయి పెట్టి తడుముతూ చదివారు, చూడలేదు. పెయింటు మందంగా వేశారు కదా, వేలికి తగులుతున్నది. "ఇది ఆ-1. ఇది నై-3. ఇది ద-2, ఇందులోనే నీళ్లు పడ్డాయి." కుర్రవాడు సుద్దముక్కతో ముందు వైపు రాసుకుంటూ వచ్చాడు.

ఏడో నోటు పుస్తకంలో వార్డెను కార్యాలయం ఖర్చులు 1961-62: "వా-4-పై-9". ఎదురుగా పెన్సిలుతో చిన్న అక్షరాలు, "బిల్లు, గ్రూపు ఫొటో 1 జత". చదవగానే రెండోచావి గారు నా భుజం పట్టుకున్నారు.

వా-4 దొరికింది. తాళం వేసి ఉంది. కుర్రవాడి గుత్తిలో ఆ చెవి లేదు.

మెస్సుబాకీ గారికి ఒక కబురు: ఈ-3 తెరుచుకుంది. మీ బాకీ పుస్తకం కింది అరలో ఉంది. అంకె ఇక్కడ రాయను.

మెస్సుబాకీ

ఆ బీరువాకే తాళం వేసి ఉండకూడదా!

మొండిఘటం

సోమవారం నేను ఊళ్లోనే ఉంటాను. తాళాలు తీసే మనిషి నాకు తెలుసు, బీరువా పగలగొట్టకుండా తీస్తాడు. డబ్బు నేను ఇస్తాను. నకలు గురించి నేను అన్నది వెనక్కి తీసుకోవడం లేదు, అది వేరే లెక్క. పాతబ్యాచ్84 గారూ, పదిన్నరకు మెట్ల దగ్గర ఉండండి.

రెండోచావి

సోమవారం దాకా ఎందుకు? మొండిఘటం గారు ఆ మనిషిని పిలవవద్దు. ఇందాక నాన్నగారు పూజగదిలో రెండో తాళంచెవి కోసం వెతుకుతున్నారు. నా ఈ పేరు ఆ చెవి మీదే పెట్టుకున్నాను, ప్రతి బీరువాకు రెండో చెవి ఉంటుందని చిన్నప్పుడు చెబుతుండేవారు. ఒక గుత్తి దొరికింది, తుప్పు పట్టి ఉంది. ఏ చెవి దేనిదో రాసిన అట్టముక్కలు కట్టి ఉన్నాయి గానీ అక్షరాలు వెలిసిపోయాయి. పద్నాలుగు చెవులు. కొబ్బరినూనె రాసి పెట్టాము.